తుప్పు మీద రాత

పులివెందుల చుట్టుపక్కల పలకరాయి, సున్నపురాయి పొరల నడుమ నల్లరాతి పట్టీలు దూరి ఉంటాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ నల్లరాయిని డోలరైట్ అంటారు. భూమి అడుగునుంచి ఉబికిన శిలాద్రవం పొరల సందుల్లోకి చొరబడి, పైకి రాకుండా అక్కడే గడ్డకట్టింది. ఇది జరిగి సుమారు 188 కోట్ల ఏళ్ళయిందని ఆ రాతిలోని సూక్ష్మ ఖనిజాల్లో యురేనియం, సీసం పాళ్ళు కొలిచి తేల్చారు. అప్పటికి నేల మీద చెట్టూ చేమా లేవు. రాయి చల్లారుతూ 580 డిగ్రీల సెల్సియస్‌కు కిందికి దిగేసరికి అందులోని మాగ్నటైట్ రేణువుల అయస్కాంతత్వం ఆనాటి భూమి అయస్కాంత క్షేత్రం ఎటు ఉంటే అటు మొగ్గి, అలాగే బిగుసుకుపోయింది. ఇవాళ్టికీ అలాగే ఉంది.

ఆ రాతను చదివే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. రాతిలోంచి బొటనవేలి లావున ఒక ముక్కను తొలిచి తీస్తారు. తీయకముందే అది ఏ దిక్కుకు, ఎంత వాలుగా ఉందో దాని మీద గీత పెడతారు. ప్రయోగశాలలో బయటి అయస్కాంత క్షేత్రం సోకని చోట దాన్ని మెట్టుమెట్టుగా వేడిచేసి, చల్లార్చి, ప్రతిసారీ కొలుస్తారు. తర్వాతి కాలాల్లో పైన పడిన రాతలు ముందుగా చెరిగిపోతాయి. అన్నిటికన్నా మొండిగా చివరిదాకా మిగిలేది సాధారణంగా మొట్టమొదటి రాతే. ఈ మన నేల ఆనాడు భూగోళం మీద ఏ అక్షాంశం దగ్గర ఉండేదో దాన్నిబట్టి లెక్కగడతారు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఇలాంటి కొలతలకు పేరుపొందిన చోటు.

ఈ అధ్యాయంలో మనం చూడబోయేది యాభై ఏళ్ళ కిందటి కంప్యూటర్ డిస్కులను, వాటికి మళ్ళీ ప్రాణం పోసే పనిని. ఆ డిస్కుల మీద రాత నిలిచింది కూడా ఈ సూత్రంతోనే, ఈ జాతి పదార్థంతోనే.

పాత కర్నూలు జిల్లా బేతంచెర్ల ప్రాంతంలో పసుపు రంగు మన్ను తవ్వుతారు. గనుల వాళ్ళ నోట ఎల్లో ఓకర్. రంగుల తయారీకి వెళ్తుంది. దానికి ఆ పసుపుదనం ఇచ్చేది గోథైట్, అంటే నీటిని పట్టుకుని ఉన్న ఇనుము ఆక్సైడు. గోథైట్‌ను కాలిస్తే నీరు పోయి ఎర్రబడుతుంది. అది హెమటైట్, గోడలకు పూసే జాజులో ఉండే పదార్థం. ఆ ఎరుపును హైడ్రోజన్ వాయువులో వేడిచేస్తే కొంత ఆక్సిజన్ పోయి నల్లబడుతుంది. అది మాగ్నటైట్. ఆ నలుపును జాగ్రత్తగా, తక్కువ వేడిలో, మళ్ళీ గాలి తగిలేలా కాలిస్తే గోధుమరంగు పొడి వస్తుంది. దాని పేరు మాగ్హమైట్, ఫ్యాక్టరీ భాషలో గామా ఫెర్రిక్ ఆక్సైడు. క్యాసెట్ టేపు మీది గోధుమరంగు అదే. పాత కంప్యూటర్ డిస్కుల మీది గోధుమరంగూ అదే. ఫ్యాక్టరీలు గనిలోని మన్నును వాడవు. సూదుల్లాంటి గోథైట్ స్ఫటికాలను రసాయనికంగా పెంచుకుని, ఆ సూది ఆకారం చెడకుండా పసుపు నుంచి ఎరుపుకు, ఎరుపు నుంచి నలుపుకు, నలుపు నుంచి గోధుమకు నడిపిస్తాయి. ఆకారం సూదిలా ఉంటే దాని అయస్కాంతత్వం పొడవునా అటో ఇటో మాత్రమే నిలుస్తుంది, అడ్డంగా తిరగడానికి ఒప్పుకోదు. ఒకటి, సున్నా రాయడానికి కావలసింది ఆ మొండితనమే.

మొట్టమొదటి డిస్కు యంత్రం 1956 నాటిది. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఐబీఎం ఇంజనీర్లు తయారుచేసిన రామాక్. రెండడుగుల వ్యాసం ఉన్న అల్యూమినియం పళ్ళేలు యాభై, ఒకే ఇరుసు మీద నిమిషానికి 1200 చుట్లు తిరిగేవి. అన్నీ కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు. పళ్ళెం మీద ఇనుము ఆక్సైడు కలిపిన రంగును సమంగా పూయడం వాళ్ళకు పెద్ద సమస్య అయింది. చివరికి దొరికిన ఉపాయం ఇది: రంగును ఆడవాళ్ళు తొడుక్కునే నైలాన్ మేజోడు గుండా వడకట్టి, కాగితం కప్పులో కొలిచి, తిరుగుతున్న పళ్ళెం నడిమికి దగ్గరగా పోయడం. తిరుగుడు వేగానికి అది అంచుదాకా పలచగా పరుచుకునేది. శాంటా క్లారా విశ్వవిద్యాలయంలో 2000ల మొదట్లో ఒక రామాక్‌ను బాగుచేస్తే, ఆ పళ్ళేల మీద దశాబ్దాల కిందటి రాత ఇంకా చదవడానికి వచ్చింది.

ఇది వింటే చాలామంది ఆశ్చర్యపోతారు. ఇంట్లో పదేళ్ళ కిందటి హార్డ్ డిస్కు పనిచేయకుండా పోయిన అనుభవం అందరికీ ఉంది కదా. కాస్త లెక్క వేద్దాం. 1972లో వచ్చిన ఆర్‌కే-05 అనే డిస్కులో పక్కపక్క గీతల మధ్య దూరం అంగుళంలో నూరో వంతు, అంటే పావు మిల్లీమీటరు. గీత పొడవునా ఒక్కో గుర్తుకు దొరికే చోటు పది మైక్రాన్లకు కాస్త పైగా. అంత చోటులో, పూత మందం కూడా కలుపుకుంటే, సూది రేణువులు లక్షల్లో ఉంటాయి. వాటిలో కొన్ని దారి తప్పినా మిగిలినవన్నీ ఒకే మాట చెబుతాయి. ఇవాళ్టి డిస్కులో ఒక గుర్తును మోసేది కొద్దిపాటి రేణువులు. అవి ఇంకా చిన్నవైతే గదిలోని మామూలు వేడికే తలకిందులైపోతాయి. ఈ పరిశ్రమ ఇరవై ఏళ్ళకు పైగా ఆ హద్దుతోనే పోరాడుతోంది. పాత డిస్కు వాళ్ళు చోటును ధారాళంగా వాడారు. ఆ ధారాళమే ఇప్పుడు మనకు ఉపకారం చేస్తోంది.

మరి కర్నూలు, కడప ఎండలు? మే నెలలో గదిలో 45 డిగ్రీలున్నా, మాగ్హమైట్ తన అయస్కాంతత్వం కోల్పోవాలంటే దాదాపు 600 డిగ్రీలు కావాలి. ఎండకు రాత చెరగదు. ఎండకు చెడేవి వేరే ఉన్నాయి. అసలు కథ అదే.

*

మినీకంప్యూటర్ అన్న మాట నేటి పాఠకులకు కొత్తగా తోచవచ్చు. గది నిండే మెయిన్‌ఫ్రేమ్‌కు, బల్లమీది పీసీకి మధ్య తరం అది. బీరువా అంత ఎత్తు చట్రం, అందులో ఒకదాని మీద ఒకటి సొరుగుల్లా యంత్రభాగాలు. అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1965లో పన్నెండు బిట్ల పీడీపీ-8ను, 1970లో పదహారు బిట్ల పీడీపీ-11ను తెచ్చింది. ప్రయోగశాలలు, ఫ్యాక్టరీలు, విశ్వవిద్యాలయాలు మొదటిసారి సొంత కంప్యూటర్ కొనుక్కోగలిగాయి.

మన దగ్గర ఆ తరానికి పుట్టినిల్లు హైదరాబాదు. 1967లో అక్కడ ఏర్పడిన ఈసీఐఎల్ అనే ప్రభుత్వ సంస్థ ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో పుట్టిన రూపకల్పనలను తీసుకుని టీడీసీ వరుస యంత్రాలను తయారుచేసింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. మొదటిది టీడీసీ-12, పీడీపీ-8 లాగే పన్నెండు బిట్లది. 1970ల నడుమకు టీడీసీ-312, పదహారు బిట్ల టీడీసీ-316 వచ్చాయి. ఆ సంస్థను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారిది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. హైదరాబాదులో ఎ.ఎస్.రావు నగర్ ఆయన పేరు మీదిదే. దిగుమతికి విదేశీ మారకం లేని రోజుల్లో, విడిభాగం దగ్గరినుంచి ఇక్కడే తయారుచేయాలని పట్టుబట్టిన తరం అది. ఆ పట్టుదలకు తెలుగునాట ఇంతవరకు దక్కిన గౌరవం చాలదని నా నమ్మకం.

చేసినవాడు లేకుండా యంత్రాన్ని నడిపించడం కూడా మన దేశం ముందే నేర్చుకుంది. 1978లో ఐబీఎం భారతదేశం వదిలి వెళ్ళిపోయింది. దేశమంతటా ఉన్న దాని యంత్రాలను బాగుచేస్తూ నడిపించే భారం కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ మీద పడింది. తర్వాత సీఎంసీగా పేరుపడ్డది అదే. రైలు టికెట్ల రిజర్వేషన్‌ను కంప్యూటర్ మీదికి ఎక్కించింది కూడా ఈ సంస్థే. 1985లో ఢిల్లీలో, డిజిటల్ కంపెనీ వాక్స్ యంత్రాల మీద మొదలైంది. వాక్స్ అంటే పీడీపీ-11 వంశంలో పెద్దబిడ్డ. ఆ తర్వాత సికింద్రాబాదుతో కలిపి కేంద్రాలు అయిదయ్యాయి. 1977లో వాక్స్ కోసం రాసిన ఆపరేటింగ్ సిస్టమ్ వారసత్వమే ఓపెన్‌వీఎంఎస్ పేరుతో రిజర్వేషన్ వ్యవస్థను మోస్తూ వచ్చింది. కర్నూలు సిటీ, కడప స్టేషన్ల కిటికీల దగ్గర క్యూలో నిలబడి బెర్తు తీసుకున్న ప్రతివారూ మినీకంప్యూటర్ సంతతితో మాట్లాడినట్టే.

*

ఇక ఆ డిస్కు దగ్గరకు వద్దాం. డిజిటల్ కంపెనీ ఆర్‌కే-05నే తీసుకుంటాను. ఈ జాతి డిస్కుల పనితీరంతా ఇందులో విప్పి చూడవచ్చు, పైగా పాత యంత్రాల ప్రియులు ఎక్కువగా బాగుచేసేవాటిలో ఇదొకటి. పద్నాలుగు అంగుళాల పళ్ళెం ఒకటి, తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది. డబ్బాతో సహా యంత్రంలోకి తోసి, మళ్ళీ బయటికి తీయవచ్చు. రెండు వైపులా కలిపి 24 లక్షల 94 వేల 464 బైట్లు పడుతుంది. ఇవాళ ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటోకు అది చాలాసార్లు సరిపోదు. ఆ రోజుల్లో ఒక విభాగం మొత్తం పనిచేసుకునే సరంజామా అందులో ఇమిడేది.

పళ్ళెం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. అంచు దగ్గర వేగం గంటకు 90 కిలోమీటర్లకు పైమాటే. ఆ వేగానికి పళ్ళెంతో పాటు ఒక పలుచటి గాలిపొర కదులుతుంది. చదివే హెడ్డు ఆ గాలిపొర మీద తేలుతుంది, పళ్ళేనికి రెండు మూడు మైక్రాన్ల ఎత్తున. మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్లు. సిమెంటు పొడిలో రేణువులు పది పదిహేను మైక్రాన్ల దరిదాపువి. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల గాలి, బేతంచెర్లలో బండలు కోసి పాలిష్ పట్టే చోట లేచే తెల్లదుమ్ము, నల్లరేగడి మీద వేసవిలో రేగే సుడిగాలి, వీటిలో ఏ ఒక్క రేణువు ఆ సందులో పడినా హెడ్డు ఎగిరి పళ్ళెం మీద పడుతుంది. పూతను చెక్కేస్తుంది. చెక్కిన పొడి మళ్ళీ సందులో పడుతుంది. కొద్ది క్షణాల్లో పళ్ళెం మీద వెండిలా మెరిసే వలయం తేలుతుంది, అల్యూమినియం బయటపడిందన్నమాట. ఆ గీతల మీది రాత ఇక ఏ విద్యతోనూ రాదు.

అంతకన్నా ఘోరం దాని తర్వాత జరిగేది. పళ్ళెం పాడైందని తెలియని మనిషి దాన్ని పక్క యంత్రంలో పెట్టి చూస్తాడు. దాని గరుకుకు ఆ యంత్రం హెడ్డు చెడుతుంది. చెడిన హెడ్డు కింద మంచి పళ్ళెం పెడితే అదీ పోతుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకున్నట్టు గదిలోని డిస్కులన్నీ పోయిన ఉదంతాలు ఆ కాలపు సర్వీసు ఇంజనీర్లకు బాగా తెలుసు. అందుకే ఈ పనిలో మొదటి నియమం, పాత డిస్కు దొరికిందని స్విచ్చు వేయకూడదు. ఎంత ఆత్రం ఉన్నా వేయకూడదు.

ముందు మూత విప్పాలి. లోపల గాలి నడిచే దారిలో నల్లటి స్పాంజి పట్టీలు ఉంటాయి. యాభై ఏళ్ళకు అవి వేలు తగిలితే పొడి అయిపోతాయి. వేడి ప్రాంతంలో అయితే ఇంకా ముందే. లోపలి ఫ్యాను తిరిగిందంటే ఆ పొడి నేరుగా హెడ్డు మీదికి వెళ్తుంది. బయటి దుమ్మును ఆపడానికి పెట్టిన వస్తువే ఇప్పుడు లోపలి దుమ్ము. దాన్ని గీకి, తుడిచి, కొత్తది అతికించాలి. వడపోత డబ్బా కూడా మార్చాలి, లేదా దాని అంచుల సీలు సరిచూడాలి.

తర్వాత బ్యాటరీ. కరెంటు హఠాత్తుగా పోతే హెడ్లను పళ్ళెం మీదినుంచి వెనక్కి లాగాలి, లేకపోతే పళ్ళెం వేగం తగ్గి గాలిపొర పలచబడి హెడ్డు దిగిపోతుంది. దానికోసం ఒక చిన్న నికెల్ కాడ్మియం బ్యాటరీల కట్ట ఉంచారు. అది ఎప్పుడో చచ్చి, కారి, చుట్టుపక్కల రాగిని తిని ఉంటుంది. కరెంటు చెప్పకుండా పోయే మన ఊళ్ళలో ఈ బ్యాటరీ ఆ డిస్కుకు ప్రాణరక్ష. దీన్ని మార్చకుండా పళ్ళెం తిప్పడం సాహసం కాదు, నిర్లక్ష్యం.

ఆ పైన విద్యుత్ సరఫరా పెట్టె. అందులోని పెద్ద కెపాసిటర్లలో తడి రసాయనం ఉంటుంది. సీమ వేడిలో మూసిన గదిలో పడి ఉంటే ఆ తడి ఆరిపోతుంది. ఆరకపోయినా, ఏళ్ళ తరబడి కరెంటు తగలక లోపలి ఆక్సైడు పొర పలచబడుతుంది. అందుకే దాన్ని యంత్రం నుంచి విడదీసి, వోల్టేజీని గంటల తరబడి నెమ్మదిగా పెంచుతారు, పొర మళ్ళీ కట్టుకునేదాకా. ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే అది పేలవచ్చు. నిలకడైన సరఫరా వస్తోందని మీటరు చూపాకే బోర్డులకు తగిలించాలి.

కరెంటు ప్రస్తావన వచ్చింది కాబట్టి, అమెరికా నుంచి తెచ్చిన ఆర్‌కే-05కు మన దేశంలో ఎదురయ్యే చిక్కు ఒకటి చెప్పాలి. పళ్ళేన్ని తిప్పేది ఏసీ మోటారు, బెల్టు సాయంతో. ఏసీ మోటారు వేగం కరెంటు ఆవృత్తిని బట్టి ఉంటుంది. అమెరికాలో 60 హెర్ట్‌జ్, మన దగ్గర 50. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ సరిచేసినా ఆవృత్తి మారదు. అక్కడి పుల్లీనే ఉంచితే 1500 చుట్లకు బదులు 1250 మాత్రమే తిరుగుతుంది. అప్పుడు గుర్తులు రావలసిన సమయానికి రావు. అంతకుమించి, గాలిపొర పలచబడి హెడ్డు పళ్ళేనికి మరీ దగ్గరవుతుంది. 50 హెర్ట్‌జ్‌కు తగిన పెద్ద పుల్లీ, దానికి సరిపడే బెల్టు వేయాలి. తయారీదారు రెండు రకాలూ ఇచ్చేవాడు. ఇవాళ దొరకకపోతే లేతు మీద పుల్లీ తిప్పించుకోవడమే మార్గం, ఆ పని చేయగల మేస్త్రీలు కర్నూలులోనూ ఉన్నారు, ప్రొద్దుటూరులోనూ ఉన్నారు.

ఇప్పుడు హెడ్లు. చిన్న అద్దం, టార్చిలైటు పెట్టి వాటి ముఖం చూడాలి. నునుపుగా మెరవాలి. గోధుమరంగు మరక కనిపిస్తే అది ఏదో ఒక పళ్ళెం నుంచి చెక్కిన పూత. నూలు పోగు రాని గుడ్డకు చిక్కటి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, ఆరే లోపు ఒకే దిశలో తుడుస్తారు. పళ్ళెం కూడా డబ్బాలోంచి తీసి, చేతికి గ్లవ్సు వేసుకుని, వెలుతురు వాలుగా పడేటట్టు పట్టుకుని చూస్తారు. గీత ఉంటే దాన్ని పక్కన పెట్టేయడమే. హెడ్ల కదలికను ఆపి, ఉత్త పళ్ళేన్ని గంటల కొద్దీ తిప్పితే లోపల మిగిలిన దుమ్ము వడపోతలో చేరుతుంది.

అప్పుడు, ముఖ్యమైన డిస్కుతో కాకుండా, పోయినా పరవాలేదనుకునే డిస్కుతో మొదటి పరీక్ష. ముందుపలకమీది స్విచ్చును రన్ వైపు వేస్తారు. మోటారు అందుకుంటుంది. వేగం కుదిరిన తర్వాత లోపల టక్కుమని ఒక చప్పుడు, హెడ్లు పళ్ళెం మీదికి వచ్చాయన్నమాట. చెయ్యి స్విచ్చు మీదే ఉండాలి. గంట మోగినట్టు సన్నటి గణగణ గానీ, కీచుమనడం గానీ వినిపిస్తే వెంటనే ఆపాలి. ఏమీ వినిపించకపోతే సిద్ధం అనే దీపం, ఆపైన సరైన గీత మీద ఉన్నానని చెప్పే ఆన్ సిలిండర్ దీపం వెలుగుతాయి. హెడ్డు నుంచి వచ్చే సంకేతాన్ని ఓసిల్లోస్కోపు మీద చూస్తే, అర్ధశతాబ్దం కిందట ఎవరో రాసిన ఒకట్లు, సున్నాలు అలలుగా కదులుతుంటాయి. ఈ పని చేసిన ఎవరిని అడిగినా ఆ క్షణం గురించి ఒళ్ళు పులకరించేలా చెబుతారు.

అసలు డిస్కు పెట్టేముందు రాతను నిరోధించే స్విచ్చు వేయాలి. చదవాలే గానీ రాయకూడదు. యంత్రం మీద పూర్తిగా నమ్మకం కుదిరేదాకా పాత డిస్కు మీద ఒక్క బిట్టు కూడా రాయకపోవడం ఈ రంగంలో పెద్దలు పాటించే కట్టుబాటు.

*

అన్ని డిస్కులూ ఇంత దయగా ఉండవు. ఆర్‌ఎల్-02 అనే తర్వాతి తరం డిస్కులో, గీత ఎక్కడుందో హెడ్డుకు చెప్పే గుర్తులు కూడా పళ్ళెం మీదే, సమాచారం మధ్య మధ్య రాసి ఉంటాయి. అవి ఫ్యాక్టరీలో ప్రత్యేక యంత్రంతో రాసినవి. శుభ్రంగా చెరిపేసి కొత్తగా మొదలుపెడదామని ఎవరైనా పెద్ద అయస్కాంతం కింద పెట్టారా, సమాచారంతో పాటు దారి చూపే గుర్తులూ పోతాయి. డ్రైవు ఆ గుర్తులను మళ్ళీ రాసుకోలేదు. డిస్కు కొత్తదే, పూత చెక్కుచెదరలేదు, అయినా పనికిరాదు.

1980ల నడుమ మైక్రోవాక్స్‌లలో వచ్చిన ఆర్‌డీ-53 డ్రైవుది ఇంకో రకం జబ్బు. మైక్రోపోలిస్ కంపెనీ తయారుచేసిన 71 మెగాబైట్ల డిస్కు అది. హెడ్ల చేయి వెనక్కి వచ్చి ఆగే చోట చిన్న రబ్బరు దిమ్మ ఉంటుంది. కాలానికి ఆ రబ్బరు కరిగి బంకలా అయి హెడ్ల చేతిని పట్టేస్తుంది. పళ్ళెం తిరుగుతుంది, హెడ్డు కదలదు. లోపల రాత అంతా భద్రం. వేలెడంత లేని రబ్బరు ముక్క దాన్ని బందీ చేసింది. దుమ్ములేని చోట మూత తీసి, ఆ బంకను తొలగించి, ఏదైనా పలుచటి అడ్డు పెడితే చాలా డ్రైవులు మళ్ళీ కదిలాయి.

అయస్కాంతపు రాత ముందుగా చెడిన సందర్భాలు అరుదు. చెడేవి స్పాంజి, రబ్బరు, బెల్టు, బ్యాటరీ, కెపాసిటర్. అన్నీ చవకవి, అన్నీ పక్కన నిలబడి సాయం చేసే వస్తువులు. మన ప్రాంతపు వేడి వీటన్నిటి ఆయువు తగ్గిస్తుంది. అయితే ఇక్కడి పొడి వాతావరణం ఒక మేలు చేస్తుంది. పాత టేపుల్లో ఇనుము రేణువులను పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చుకుని జిడ్డుగా మారడం పెద్ద తెగులు. కోస్తా తేమలో ఉన్న టేపుకన్నా, వాన తక్కువ పడే కర్నూలులో చల్లటి గదిలో ఉన్న టేపుకు ఆ తెగులు తగ్గాలి. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇవాళ పెద్ద సంస్థలు సమాచారం దాచే కొత్త టేపుల్లో బేరియం ఫెరైట్ వాడుతున్నారు. బేరియం లవణాలకు మూలం ముగ్గురాయి. ప్రపంచంలోని అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి పాత కడప జిల్లా మంగంపేటలో ఉంది.

*

డిస్కు తిరిగాక చేసే పని గురించి ఆలోచిస్తే నాకు కడపలో సి.పి. బ్రౌన్ చేసిన పని గుర్తుకు వస్తుంది. 1820లో కడపకు వచ్చిన ఆ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి తాటాకు గ్రంథాలు పురుగుల పాలవుతుండటం చూసి, సొంత డబ్బుతో పండితులను పెట్టి కాగితాల మీదికి ఎత్తి రాయించారు. ఆయన బంగళా ఉన్న చోటనే ఇప్పుడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది. ఒకే గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి, పాఠం ఎక్కడెక్కడ తేడాగా ఉందో గుర్తించడం అక్కడి పద్ధతి. ఒక ప్రతిలో చిల్లుపడిన అక్షరం ఇంకో ప్రతిలో ఉండేది.

డిస్కు చదవడంలోనూ అదే చేస్తారు. ప్రతి సెక్టారు చివర ఒక తనిఖీ సంఖ్య ఉంటుంది. చదివిన సమాచారం నుంచి లెక్కించిన సంఖ్య దానితో కలవకపోతే ఎక్కడో తప్పు దొర్లిందన్నమాట. అప్పుడు అదే సెక్టారును మళ్ళీ మళ్ళీ చదువుతారు, హెడ్డును వెంట్రుకవాసి ఇటు అటు జరిపి కూడా. వేర్వేరు చదువుల్లోంచి సరిగా వచ్చిన భాగాలు ఏరి ఒకటిగా కూర్చుతారు. ఇంకొందరు ఒకట్లు, సున్నాలుగా మార్చకముందే హెడ్డు నుంచి వచ్చే అలలను ఉన్నవున్నట్టు నమోదు చేసి, అర్థం చెప్పడం తీరిగ్గా తర్వాత చేస్తారు. నా మనసు రెండో దారికే మొగ్గుతుంది. డిస్కు ఒకసారే తిరగగలిగితే, ఆ ఒక్కసారిలో దొరికినదంతా పట్టుకోవడం మేలు.

2016లో కాలిఫోర్నియాలో కెన్ షిరిఫ్, మార్క్ వెర్డియెల్, కార్ల్ క్లాంచ్, లూకా సెవెరీని కలిసి జిరాక్స్ ఆల్టో యంత్రాన్ని బాగుచేశారు. ఆలన్ కే వై కాంబినేటర్ సంస్థకు ఇచ్చిన యంత్రం అది. కిటికీలు, మౌసు ఉన్న కంప్యూటర్లకు 1973 నాటి ఆదిరూపం. దాని డయాబ్లో డిస్కు కూడా పద్నాలుగు అంగుళాల పళ్ళెమే, దాదాపు ఆర్‌కే-05 అంతే సామర్థ్యం. వాళ్ళు డ్రైవును శుభ్రం చేసి నడిపించడంతో పాటు, ఆ డిస్కులా నటించగల, అసలు డిస్కులను చదివి దాచగల ఒక ఎలక్ట్రానిక్ పరికరం కూడా తయారుచేశారు. ఇప్పుడు ఈ రంగంలో ఇలాంటి నకలు పరికరాలు చాలా ఉన్నాయి. చిన్న కార్డు మీద ఉన్న ఫైలును చూపి, పాత కంప్యూటర్‌కు ఇదే నీ డిస్కు అని నమ్మిస్తాయి. బాబ్ సుప్నిక్ మొదలుపెట్టిన సిమ్‌హెచ్ అనే ప్రోగ్రామ్ అయితే కంప్యూటర్‌నే నటిస్తుంది. లాప్‌టాప్ ఉన్న కడప విద్యార్థి ఇవాళ రాత్రికే పీడీపీ-11 నడిపి చూడవచ్చు, డబ్బు ఖర్చు లేదు.

నకలు ఉంటే అసలు ఎందుకని అడిగేవాళ్ళున్నారు. నకలు పరికరం నోట్లో పెట్టడానికి ఫైలు కావాలి. ఆ ఫైలు రావాలంటే ఎక్కడో ఒకచోట, ఒక్కసారైనా, అసలు హెడ్డు అసలు పళ్ళెం మీద తేలాలి. ఆ తర్వాత డ్రైవుకు విశ్రాంతి ఇవ్వవచ్చు.

చివరి చిక్కు అలలు దొరికాక వస్తుంది. పన్నెండు బిట్ల యంత్రం తన మాటలను (వర్డులను) సెక్టారులో ఏ వరుసలో పేర్చింది, ఫైళ్ళ జాబితా ఏ గీత మీద ఉంది, అక్షరానికి ఏ సంఖ్య వాడింది అన్నది తెలియకపోతే అలలు అలలుగానే మిగులుతాయి. డిజిటల్ కంపెనీ యంత్రాల మాన్యువళ్ళు వేల పేజీలు స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టారు కాబట్టే వాటి డిస్కులు ఇవాళ నోరు విప్పుతున్నాయి. టీడీసీ-12 మీద, టీడీసీ-316 మీద పనిచేసిన తరం ఇప్పుడు పదవీ విరమణ చేసి ఇళ్ళలో ఉంది. వాళ్ళ అటకల మీద సర్క్యూట్ చిత్రాలు, చేతిరాత నోట్సు, నీలం అట్టల మాన్యువళ్ళు ఉండవచ్చు. పాతసామాను బండి వాకిట్లోకి వచ్చినప్పుడు డిస్కుతో పాటు ఆ కాగితాలనూ ఆపాలి. కంట్రోలర్ బోర్డును, దానికి వచ్చే కేబుళ్ళను విడదీయకుండా ఒకే పెట్టెలో ఉంచాలి. పెట్టె మీద ఏ సంస్థది, ఏ యంత్రంది, ఏ సంవత్సరందో రాసి పెట్టాలి.